రేసు పేరులో విమానసంస్థ, ట్రాక్ పక్కన బోర్డు

అందరికీ నమస్కారం.

పాతకాలపు కార్ల రేసును నాటి తీరులోనే మళ్లీ జరిపేవారు కార్ల మీద పెట్టే శ్రద్ధ ప్రకటన బోర్డుల మీద పెట్టరు. కారు 1967 నాటిది, వెనక బోర్డు 1975 నాటిది అయితే ఆ దృశ్యం ఏ సంవత్సరానిదీ కాకుండా పోతుంది. ఇవాళ ఒక్క ఉదాహరణ పట్టుకుని మాట్లాడతాను: ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హాచ్ ట్రాక్, బీఓఏసీ (బ్రిటిష్ ఓవర్సీస్ ఎయిర్‌వేస్ కార్పొరేషన్) విమానసంస్థ.

1967 జులై 30న అక్కడ జరిగిన స్పోర్ట్స్ కార్ల రేసు పేరు బీఓఏసీ 500. పేరులో 500 ఉన్నా అది ఆరు గంటల రేసు. ఫిల్ హిల్, మైక్ స్పెన్స్ నడిపిన తెల్లటి చాపరల్ 2ఎఫ్ గెలిచింది. విమానసంస్థ కారు మీద కాకుండా రేసు పేరులోకే ఎందుకు ఎక్కింది? ఐరోపాలో అప్పటికి కార్లు దేశాల రంగుల్లోనే తిరిగేవి: బ్రిటన్‌ది ఆకుపచ్చ, ఇటలీది ఎరుపు, ఫ్రాన్స్‌ది నీలం. టైర్లు, ఆయిలు, స్పార్క్ ప్లగ్గుల కంపెనీల చిన్న స్టిక్కర్లకే చోటుండేది. ఆ కట్టుబాటు 1968లో సడలింది. పైగా పేరులో ఉంటే టికెట్టు మీదా, పోస్టరు మీదా, మర్నాటి పత్రికలో ఫలితాల మీదా ఆ పేరు రాయక తప్పదు. బోర్డుకైతే కెమెరా అటు తిరగాలి. నా దృష్టిలో బీఓఏసీ కొన్నవాటిలో అన్నిటికన్నా విలువైనది ఆ పేరే.

కట్టుబాటు సడలాక విమానసంస్థలు కార్ల మీదకి వచ్చాయి. 1975 నుంచి లాన్సియా స్ట్రాటోస్ ర్యాలీ కార్లకు ఇటలీ విమానసంస్థ అలిటాలియా రంగులు, 1978 నుంచి విలియమ్స్ ఫార్ములా వన్ కార్ల మీద సౌదియా. 1979లో సిల్వర్‌స్టోన్‌లో విలియమ్స్‌కు తొలి విజయం తెచ్చిన క్లే రెగజోనీ, సౌదీ స్పాన్సర్లను గౌరవించి పోడియం మీద షాంపేన్‌కు బదులు పళ్లరసం తాగారు.

ఇక తేదీలు. బోర్డు మీద "బీఓఏసీ 500" ఉంటే 1967–69. "బీఓఏసీ 1000" ఉంటే 1970–72, అంటే వెయ్యి కిలోమీటర్ల రేసు. 1973లో ఆ రేసు లేదు. 1974 ఏప్రిల్ 1న బీఓఏసీ, మరో బ్రిటిష్ విమానసంస్థ బీఈఏ కలిసి బ్రిటిష్ ఎయిర్‌వేస్ అయ్యాయి కాబట్టి ఆ ఏటి రేసు పేరూ మారింది. స్పీడ్‌బర్డ్ పక్షి గుర్తును మాత్రమే చూసి ఏడాది చెప్పకండి. అది 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కోసం గీసిన గుర్తు, బీఓఏసీకి వారసత్వంగా వచ్చింది. మన దగ్గరా ఇదే లెక్క పనికొస్తుంది: హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ 1953 ఆగస్టులో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది, ఆ పేరుతో ప్రకటన కనిపిస్తే అది అంతకు ముందుదే.

బోర్డు ఎక్కడ పెట్టాలి? తిన్నని దారి పక్కన, ట్రాక్‌కు సమాంతరంగా పెట్టేదే ఎక్కువ వృథా. ఫొటోగ్రాఫరు కారును వెంబడిస్తూ కెమెరా తిప్పి 1/125 సెకనుకు తీస్తే కారు నిలుస్తుంది, వెనక అక్షరాలు అడ్డంగా చెరిగిపోతాయి. బ్రాండ్స్ హాచ్‌లోని డ్రూయిడ్స్ లాంటి బిగుతు మలుపులో కార్లు నెమ్మదిస్తాయి. అక్కడ కెమెరాకు ఎదురుగా నిలబెట్టిన బోర్డు చదవడానికి వీలుగా పడుతుంది. అక్షరం ఎత్తుకు మోటు లెక్క: ప్రతి 3 మీటర్ల దూరానికి 25 మిల్లీమీటర్లు. 30 మీటర్లకు 25 సెంటీమీటర్లు. నాలుగే అక్షరాల పేరు కావడం బీఓఏసీకి ఇక్కడ బాగా కలిసొచ్చింది.

నిలబెట్టడంలోనే ప్రమాదం. 8×4 అడుగుల ప్లైవుడ్ పలక మీద గంటకు 72 కిలోమీటర్ల గాలి దాదాపు 85 కిలోల తోపు తోస్తుంది. రెండు గుంజలు పాతి వదిలేస్తే చాలదు, వెనక ఏటవాలు ఊతకర్రలు కావాలి. గుడ్డ బ్యానరైతే గాలి పోవడానికి అర్ధచంద్రాకారపు కోతలు పెట్టకండి; చిరుగు అక్కడే మొదలవుతుంది. అంచు మడిచి కుట్టించి, అరమీటరుకో కన్ను (తాడు దూర్చే రంధ్రం) వేయించి కట్టండి. అదుపు తప్పిన కారు జారిపోయే ఖాళీ జాగాలో, రక్షణ గోడకు ముందు ఏ బోర్డూ ఉండకూడదు. జెండా ఊపి డ్రైవర్లను హెచ్చరించే జెండా మార్షల్ వెనక పసుపు, ఎరుపు, నీలం నిండు రంగుల బోర్డు అసలే వద్దు: డ్రైవరుకు ఆ జెండా కనబడదు. రేసు ముందు రోజు డ్రైవరు కూర్చునే ఎత్తు నుంచి, నెమ్మదిగా నడిచే కారులో ప్రతి జెండా పోస్టునూ చూసి రండి. అడ్డొచ్చిన బోర్డును డబ్బు కట్టినవారిదైనా సరే తీసేయండి.