బ్రెజిల్ కాఫీ తోటలో పాలమూరు మేస్త్రీ

[తెర మీద: బ్రెజిల్ పటం. మినాస్ జెరాయిస్ రాష్ట్రం చుట్టూ ఎర్ర గీత]

నమస్తే. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు నుంచి చూస్తున్నవాళ్లకు ఈ వీడియోలో సగం నేను చెప్పనక్కర్లేదు. మేస్త్రీ ఊళ్లోకి వస్తాడు, అడ్వాన్సు చేతిలో పెడతాడు, గుంపు కడతాడు. తర్వాత బొంబాయి బస్సే. పాలమూరు లేబర్ అనే పేరు దేశమంతా పాకింది ఇలాగే. ఇదే పద్ధతి భూమికి అటువైపు కాఫీ తోటల్లో కూడా నడుస్తోంది.

ప్రపంచంలో పండే కాఫీలో దాదాపు మూడో వంతు బ్రెజిల్‌ది. అందులో సగం వరకు మినాస్ జెరాయిస్ ఒక్క రాష్ట్రంలోనే పండుతుంది. కోతలు మే నుంచి సెప్టెంబర్ దాకా. చదును నేలల్లో పెద్ద యంత్రాలు దులిపేస్తాయి. దక్షిణాన కొండవాలుల్లో ఆ యంత్రాలు ఎక్కవు, మనుషులే కావాలి. అదే రాష్ట్రం ఈశాన్య మూలన, వానలూ పనులూ తక్కువున్న జెకిచిన్యోన్య లోయ నుంచి, పక్కనున్న బహియా రాష్ట్రం నుంచి కూలీలు వందల కిలోమీటర్లు బస్సుల్లో వస్తారు. వాళ్లను తీసుకొచ్చే మనిషిని అక్కడ గాతో అంటారు. మన గుంపు మేస్త్రీయే అనుకోండి.

[తెర మీద: పండ్లతో నిండిన డబ్బా. పక్కన 60 లీటర్లు అన్న అంకె]

ఇక కూలి లెక్క. రోజుకింత అని ఇవ్వరు, కొలతకింత అని ఇస్తారు. 60 లీటర్ల పండ్లు తెంపితే ఒక కొలత. సుమారు 8 కొలతల పండ్లు ఎండబెట్టి, పొట్టు తీస్తే 60 కిలోల పచ్చి గింజల బస్తా ఒకటి తయారవుతుంది. వేయిస్తే బరువు తగ్గి 50 కిలోలు మిగులుతాయనుకుందాం. కప్పుకు 10 గ్రాములు వేస్తే 5,000 కప్పులు. అంటే ఒక్క కొలతలో 600కు పైగా కప్పుల కాఫీ ఉంది. కేఫ్ బిల్లుతో దీన్ని మీరే గుణించుకోండి. ఆ సొమ్మంతా తోట యజమాని జేబులోకి పోతుందని కాదు. మధ్యలో సహకార సంఘం గోదాము, ఎగుమతిదారు, శాంతోస్ ఓడరేవు, విదేశీ వ్యాపారి, గింజలు వేయించే కంపెనీ, దుకాణం... అందరి వాటాలూ ఉన్నాయి. గోదాములో ఎన్నో తోటల గింజలు కలిసిపోతాయి. అక్కడితో కూలీ జాడ పోతుంది.

ధర సంగతి కూడా చూడండి. అక్కడ ఎక్కువగా పండే అరాబికా రకం కాఫీ రేటు న్యూయార్క్ మార్కెట్లో తేలుతుంది. 2019లో పౌను, అంటే 454 గ్రాములు, ఒక డాలర్ కన్నా కిందికి పడింది. 2025 ఫిబ్రవరిలో 4 డాలర్లు దాటింది. కొలత రేటు మాత్రం తోటలో జరిగే బేరంలో తేలుతుంది. అడ్వాన్సు తిని, దారిఖర్చు బాకీపడి వచ్చినవాడు ఏం బేరమాడతాడు?

తనిఖీల్లో బయటపడేవి ఎక్కువగా ఈ బాకీలే. ప్రయాణ ఖర్చు, తిండి, కొమ్మలు దులిపే చేతి యంత్రం అద్దె, దాని పెట్రోలు, అన్నీ కూలి లోంచే కోత. కొన్నిచోట్ల తాగునీళ్లు సరిగ్గా ఉండవు, మరుగుదొడ్డి ఉండదు. కూలీ కార్మిక కార్డులో యజమాని ఆ పని నమోదు చేయాలని చట్టం ఉంది. కానీ సర్కారు ఇచ్చే పేదల భృతి పోతుందేమోనని కొందరు కూలీలే వద్దంటారు. ఇది వాళ్ల అమాయకత్వం అని నేను అనను. రేషన్ కార్డు పోతుందంటే మన ఇళ్లల్లో ఎంత టెన్షనో తెలుసు కదా.

బ్రెజిల్‌లో నాకు నచ్చింది చట్టం రాసిన తీరు. అక్కడి శిక్షాస్మృతి 149వ సెక్షన్‌ను 2003లో మార్చారు. సంకెళ్లు వేస్తేనే బానిసత్వం అనలేదు. బలవంతపు పని, ఒళ్లు హూనమయ్యే పనిగంటలు, మనిషి ఉండలేని పరిస్థితులు, అప్పుతో కట్టిపడేయడం, వీటిలో ఏ ఒక్కటున్నా నేరమే. 1995 నుంచి ప్రత్యేక తనిఖీ బృందాలు పోలీసులను వెంటబెట్టుకుని చెప్పకుండా తోటల్లోకి దిగుతున్నాయి. విడిపించిన కూలీలకు బాకీ కూలి కట్టించి, ఇంటికి పంపే ఖర్చు యజమానితోనే పెట్టిస్తారు. తర్వాత మూడు విడతల భృతి కూడా ఉంటుంది. దోషిగా తేలిన యజమాని పేరు ఆరు నెలలకోసారి వచ్చే సర్కారు జాబితాలోకి ఎక్కుతుంది. మామూలుగా రెండేళ్లు అక్కడే. ఆ కాలంలో బ్యాంకులు పంట రుణం ఇవ్వవు. అప్పీళ్లన్నీ ముగిశాకే పేరు పడుతుంది కాబట్టి ఆలస్యం మాత్రం చాలా ఉంటుంది.

మరి కూలీలను సరిగ్గా చూసుకున్న తోట అని చెప్పే, ప్యాకెట్ మీది సర్టిఫికెట్ ముద్రల సంగతేంటి? పూర్తిగా పనికిరావని అనను. కానీ సర్టిఫికెట్ ఉన్న తోటల్లోనే కూలీలను విడిపించిన సంఘటనలు ఉన్నాయి. ముందే తేదీ చెప్పి వచ్చే ఆడిటర్‌కు శుభ్రం చేసిన గది కనిపిస్తుంది. ఎక్కడా గదిలేక ప్లాస్టిక్ పట్టా కింద పడుకున్నవాళ్లు కనిపించరు. ముద్ర కన్నా ఆ జాబితా మీదే నాకు గురి.

[తెర మీద: 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం]

మన దగ్గర దొరికే కాఫీ ఎక్కువగా కర్ణాటక తోటలది, అక్కడి కూలీలది ఇంకో వీడియో. ఈ సీజన్లో పనికి పోయేవాళ్లకు మాత్రం ఇప్పుడే చెప్తున్నా. అడ్వాన్సు ఎంత, కూలి ఎంత, కోతలు ఏమిటి, మీ సొంత నోటుబుక్కులో కూడా రాసుకోండి. మేస్త్రీ లెక్క ఒక్కటే ఉంటే గొడవొచ్చినప్పుడు చెల్లేది అదే. అప్పు చూపించి పోనివ్వకపోతే, ఆ వెట్టి అప్పు 1976 చట్టం ప్రకారం రద్దయినట్టే. పని జరుగుతున్న జిల్లా కలెక్టర్‌కో ఆర్డీవోకో అర్జీ పెట్టి, విడుదల పత్రం చేతికిచ్చేదాకా అడగండి.