గోదావరి గట్టు మీద ఏ కెమెరా? డీఎస్ఎల్ఆరా, బ్రిడ్జ్ కెమెరానా?

నమస్తే అండి. సరదాకి ఫోటోలు తీసుకోడానికి డీఎస్ఎల్ఆర్ కొనాలా, లేకపోతే ఆ పేద్ద జూమ్ వచ్చే బ్రిడ్జ్ కెమెరా కొనాలా అని అడిగితే, నేను ముందు అడిగేది బడ్జెట్ ఎంత అని కాదు. మీరు తీయాలనుకున్నది మీకు ఎంత దూరంలో ఉంటుంది, ఆ టైముకి అక్కడ వెలుతురు ఎంత ఉంటుంది. ఈ రెండూ తేలితే సగం పని అయిపోయినట్టే. షాపులో మాత్రం ఈ రెండూ ఎవరూ అడగరు, డబ్బా మీద 83ఎక్స్ (అంటే 83 రెట్ల జూమ్) అని రాసింది చూపించి బిల్లు కొట్టేస్తారు.

[స్క్రీన్ మీద: రెండు కెమెరాలు పక్కపక్కన]

పైకి రెండూ ఒకేలా ఉంటాయి. డీఎస్ఎల్ఆర్‌లో లోపల అద్దం ఉంటుంది, కన్ను పెట్టి చూస్తే లెన్స్‌లోంచి వచ్చే అసలు వెలుతురే కనిపిస్తుంది, లెన్స్ విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు. బ్రిడ్జ్ కెమెరాకి ఒకటే లెన్స్, ఊడదు, కన్ను పెట్టి చూసే చోట చిన్న స్క్రీన్ ఉంటుంది.

ముందు దూరం సంగతి. మన దగ్గర ఏరు అంటే చిన్న కాలువ కాదు కదా, రాజమండ్రి నుంచి కొవ్వూరు వైపు పోయే వంతెన ఒక్కోటి రెండున్నర కిలోమీటర్ల పైనే ఉంటుంది. నీళ్ళు తగ్గాక ఇసుక తిన్నెల మీద కొంగలు వాలతాయి, గట్టు మీద నుంచి చూస్తే తెల్ల చుక్కలు. కెనాన్ 1500డి అనే డీఎస్ఎల్ఆర్ కి మామూలుగా అందరూ కొనే 55-250 లెన్స్ తగిలిస్తే, దాని సెన్సర్ (వెలుతురు పడి ఫోటో తయారయ్యే లోపలి ముక్క) సైజు లెక్కన అది 400 ఎంఎం దాకా చూసినట్టు. ఈ ఎంఎం అంకె ఎంత పెరిగితే దూరంది అంత దగ్గరగా కనిపిస్తుంది. 2015లో వచ్చిన నికాన్ పీ900 అనే బ్రిడ్జ్ కెమెరా 24 నుంచి 2000 దాకా పోతుంది, 2018 నాటి పీ1000 అయితే ఏకంగా 3000. డీఎస్ఎల్ఆర్‌తో దగ్గరికి పోవాలంటే 150-600 లాంటి లెన్స్ కొనాలి, అది ఒక్కటే దాదాపు రెండు కిలోలు, 1500డి మీద పెట్టినా 960 దగ్గర ఆగిపోతుంది, ధర కెమెరా కంటే ఎక్కువే. పీ900 మొత్తం కలిపి 900 గ్రాములు. భుజానికి వేసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, ఆ చివర నరసాపురంలో దిగేదాకా నాలుగు ఫోటోలు తీసుకునే మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

కానీ ఆ 2000 అన్న అంకెని చూసి మరీ పొంగిపోకండి. అంత జూమ్‌లో వంద మీటర్ల దూరాన మీకు కనిపించే వెడల్పు 1.8 మీటర్లే. ఎగిరే గరుడపక్షిని ఆ ఇరుకులో పట్టుకోవడం, అదీ నావలో కూర్చుని, మహా కష్టం. పీ900 లెన్స్ పక్కన ఒక బటన్ ఉంటుంది, నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వస్తుంది, పిట్ట దొరికాక వదిలితే మళ్ళీ ముందుకు పోతుంది. దాన్ని అలవాటు చేసుకోనివాళ్ళకి ఆ కెమెరా సగమే పనికొచ్చినట్టు. ఇంకోటి, మధ్యాహ్నం ఎండకి ఇసుక మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది, ఎండమావి చూస్తాం కదా అదే. అప్పుడు అర కిలోమీటరు అవతల పిట్టని ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా ఈకలు కరిగిపోయినట్టే వస్తాయి. కెమెరా పాడైందని టెన్షన్ పడి సర్వీసుకి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, పొద్దున ఏడు లోపు వెళ్ళి తీస్తే సరిపోయేదానికి.

[స్క్రీన్ మీద: రెండు సెన్సర్ల బొమ్మ, అసలు కొలతల్లో]

ఇక వెలుతురు, అసలు గొడవంతా ఇక్కడే. పీ900 లాంటి కెమెరాల సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు. మీ చిటికెన వేలి గోరు కంటే చిన్నది. 1500డి సెన్సర్ 22.3 కి 14.9. వైశాల్యం లెక్కేస్తే దాదాపు 12 రెట్లు. సెన్సర్ అంత చిన్నగా ఉండబట్టే అరచేతిలో పట్టే లెన్స్‌తో 2000 ఎంఎం వస్తోంది, ఇందులో మాయేం లేదు. దానికి కట్టే మూల్యం సాయంత్రం ఆరు దాటాక తెలుస్తుంది. పూర్తి జూమ్‌లో పీ900 అపెర్చర్, అంటే వెలుతురు దూరే కంత, ఎఫ్6.5 (ఈ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నది), వెలుతురు చాలక ఐఎస్ఓ, అంటే చీకట్లో ఫోటోని వెలిగించే సెట్టింగ్, పెరుగుతుంది, ఐఎస్ఓ పెరిగితే ఆ చిన్న సెన్సర్ మీద రవ్వరవ్వగా మచ్చలొస్తాయి, వాటిని చెరపబోయి కెమెరా ఈకల్ని కూడా చెరిపేస్తుంది. ఎండలో ఇదే కెమెరా బంగారం.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో ఇది ఒకే రోజులో కనిపిస్తుంది. బోటులో పాయ మధ్యకి వెళ్ళినప్పుడు పైన ఆకాశం తెరుచుకుని ఉంటుంది, గట్టు మీద నీటికుక్కలు ఆడుతుంటే బ్రిడ్జ్ కెమెరా దర్జాగా తీస్తుంది, 55-250 ఉన్న డీఎస్ఎల్ఆర్ వాడు క్రాప్ చేసుకుంటూ కూర్చుంటాడు. తిరిగొచ్చి ఆ చెక్క వంతెన మీద చెట్ల కింద నడిచేటప్పుడు వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ పట్టపగలే నీడ, పిట్ట పది అడుగుల్లోనే ఉంటుంది కానీ కదులుతూ ఉంటుంది. లెన్స్‌లో ఉండే స్టెబిలైజర్ మన చెయ్యి వణుకుని ఆపుతుంది, పిట్ట కదలికని ఆపదు కదండీ.

మాఘమాసంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణం రాత్రిపూట. అలాంటి చోట, పెళ్ళి పందిట్లో, ఇంట్లో పిల్లల్ని తీసేటప్పుడు డీఎస్ఎల్ఆరే. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. డీఎస్ఎల్ఆర్ కొన్నవాళ్ళలో చాలామంది దానితోపాటు వచ్చిన 18-55 లెన్స్‌నే జీవితాంతం వాడతారు. దాన్ని జూమ్ చేస్తే ఎఫ్5.6. అదే 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ పెడితే అంతకి తొమ్మిది రెట్ల పైన వెలుతురు లోపలికి వస్తుంది, కెనాన్, నికాన్ లెన్సుల్లో అన్నింటికంటే చవకైన వాటిలో అదొకటి. రెండో లెన్స్ కొనే ఉద్దేశమే లేకపోతే డీఎస్ఎల్ఆర్ కొనడం దండగ అని నా మాట, ఎవరికైనా కోపం వస్తే రానీండి. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం తీయాలంటే మాత్రం ఆ 18-55 చాలు; ప్రభ (భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన అలంకారం) కౌశిక ఏరు దాటేటప్పుడు జనం మధ్యలో ఉంటారు మీరు, కావలసింది వెడల్పు, జూమ్ కాదు. పైగా అద్దంలోంచి చూస్తుంటే కదలిక ఆలస్యం లేకుండా కనిపిస్తుంది. బ్యాటరీ కూడా చెప్పేస్తాను: కంపెనీ లెక్క ప్రకారం పీ900 ఒక చార్జింగ్‌కి 360 ఫోటోలు, నికాన్ డీ3500 అనే డీఎస్ఎల్ఆర్ అయితే 1550.

మధ్యేమార్గం ఉంది. సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4 లాంటివి ఒక అంగుళం రకం సెన్సర్‌తో వస్తాయి, పీ900 చిన్న సెన్సర్ కి నాలుగు రెట్లు, జూమ్ 24-600, అపెర్చర్ ఎఫ్2.4-4. చాలా మంచి కెమెరా, ధర వింటే మాత్రం కుర్చీ వెతుక్కోవాలి.

నన్ను తేల్చి చెప్పమంటే: పిట్టలు, చందమామ, ఏటి అవతలి ఒడ్డు, పగటిపూట అయితే బ్రిడ్జ్. మనుషులు, పండగలు, రాత్రుళ్ళు అయితే డీఎస్ఎల్ఆర్, అదీ 50 లెన్స్‌తో కలిపి. కొత్తది కాదు, సెకండ్ హ్యాండే చూడండి, ఎందుకంటే కెనాన్, నికాన్ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ మోడల్ తేలేదు, మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని కెమెరాల వైపు వెళ్ళిపోయాయి. వాడినవి అందుకే చవగ్గా దొరుకుతున్నాయి.

[స్క్రీన్ మీద: టార్చ్ వెలుగులో లెన్స్ లోపలి భాగం]

కోనసీమలో సెకండ్ హ్యాండ్ అంటే ముందు ఫంగస్ చూసుకోవాలి. ఈ ఉక్కపోతకి, వానాకాలం తేమకి బీరువాలో బ్యాగులో పెట్టి మరిచిపోయిన లెన్స్‌లో సన్నటి దారాల్లా బూజు పాకుతుంది. తోలు బ్యాగు మరీ ప్రమాదం. ఇంట్లో అయితే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. కొనేటప్పుడు లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి, దారాలు కనిపిస్తే వద్దు. బ్రిడ్జ్ కెమెరాకి వెనక నుంచి టార్చ్ వేయలేరు కాబట్టి ముందు నుంచే ఏటవాలుగా వేసి చూడండి, తర్వాత జూమ్ పూర్తిగా ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు తిప్పండి. బీచ్ ఇసుక దూరి ఉంటే గరగరమని శబ్దం వస్తుంది. డీఎస్ఎల్ఆర్‌కి అయితే లెన్స్ మార్చుకుని బతకొచ్చు, దీనికి ఆ లెన్స్ మోటార్ పోతే కెమెరా పోయినట్టే. ఆ గరగర వినిపించిందంటే అమ్మేవాళ్ళు ఎంత తగ్గించినా బేరం వదిలేయండి.