ఈ పెట్టె ఎన్ని కాల్స్ మోస్తుంది?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు కలిపి ఒకే నమస్కారం పెట్టేస్తున్నాను, ఏమీ అనుకోకండి. నాకిచ్చినవి 20 నిమిషాలు. పేరుపేరునా పెడితే అందులో 5 అక్కడే ఖర్చవుతాయి.

పెద్ద ఇంటర్నెట్ ఫోన్ వ్యవస్థలకు ఎన్ని సర్వర్లు కావాలో ఎలా అంచనా వెయ్యాలి అన్నది విషయం. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఒక ప్రశ్న తప్పదు: "ఈ పెట్టె ఎన్ని కాల్స్ మోస్తుంది?" పెట్టె అంటే సర్వరే. కొనేవాళ్లు అడుగుతారు. అమ్మేవాళ్లు తడుముకోకుండా ఒక అంకె చెప్పేస్తారు. ఆ అంకె అబద్ధమని నేననను. కానీ ఏ కోడెక్‌తో, అంటే మాటని అంకెలుగా మార్చే ఏ పద్ధతితో మోస్తుంది? మాట ఆ పెట్టె గుండా పోతుందా, లేక ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా పోతుందా? రికార్డింగ్ ఉందా? ఇవేవీ తేల్చకుండా చెప్పిన అంకెని ఏం చేసుకుంటాం?

ఒక్క లెక్క వేద్దాం. సెకనుకి 50 కొత్త కాల్స్ వస్తున్నాయి, ఒక్కొక్కటి సగటున 3 నిమిషాలు సాగుతోంది. అంటే ఏ క్షణంలో చూసినా సుమారు 9,000 కాల్స్ నడుస్తుంటాయి. కోడెక్ జీ.711. మాటని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తే, ఒక్కో వైపు నుంచి సెకనుకి 50 ముక్కలు, అంటే 50 ప్యాకెట్లు. మాటంతా మన సర్వర్ గుండా పోతే కాల్‌కి 100 ప్యాకెట్లు లోపలికి, 100 బయటికి. 9,000 కాల్స్‌కి సెకనుకి 9 లక్షలు లోపలికి, ఇంకో 9 లక్షలు బయటికి. ప్రతి ప్యాకెట్‌కీ అంటించే చిరునామా చీటీలు, అంటే హెడర్లు, ఈథర్నెట్‌వి కూడా కలిపి ఒక్కో దిశలో దాదాపు 1.6 గిగాబిట్లు. గిగాబిట్ కార్డు చాలదు, సరే, 10 గిగాబిట్ కార్డు తెస్తారు. హమ్మయ్య అనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. సర్వర్‌ని అలసిపోయేలా చేసేది బిట్లు కాదు, ప్యాకెట్ల సంఖ్య.

"జీ.729 పెట్టుకుంటే భారం తగ్గదా?" అని అక్కడెవరో అంటున్నారు. అది మాటని బాగా కుదించే కోడెక్, బ్యాండ్‌విడ్త్ తగ్గుతుంది. ప్యాకెట్లో మాట 20 బైట్లే, హెడర్లు మాత్రం అదే 40. గింజ కంటే పొట్టెక్కువ. ప్యాకెట్లు అన్నీ అలాగే ఉంటాయి. పైగా అవతలివాళ్లు జీ.711 అయితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే పని ప్రాసెసర్ నెత్తిన పడుతుంది.

ఎర్లాంగ్ మహాశయుణ్ని తలుచుకోకుండా ముందుకి పోకూడదు. డెన్మార్క్ గణితవేత్త, కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేశాడు. ఎంత రద్దీకి ఎన్ని లైన్లు కావాలో చెప్పే సూత్రం ఆయన 1917లో ఇచ్చాడు, మనం దాన్ని ఇప్పటికీ వాడుతున్నాం. ఒక్క లైను గంటంతా ఖాళీ లేకుండా నడిస్తే ఆ రద్దీ ఒక ఎర్లాంగ్. లైను దొరక్క నూటికి ఒక్క కాల్ మించి వెనక్కి పోకూడదంటే, 10 లైన్లు 4.46 ఎర్లాంగ్‌ల రద్దీనే మోస్తాయి. 100 లైన్లు ఒకే కట్టగా ఉంటే 84 మోస్తాయి. పది పదిగా విడగొడితే మొత్తం 45 కూడా రాదు. శాఖకొక ట్రంకు, అంటే లైన్ల కట్ట, ఊరికొక ట్రంకు అని పంచేవాళ్లు ఈ రెండంకెలు గోడకి రాసి పెట్టుకోండి.

దీని తర్వాత రికార్డింగ్ డిస్కుల మీద నాలుగు స్లైడ్లున్నాయి. వాటిని దాటేస్తున్నాను. ఆ రాత్రి సంగతి చెప్పకుండా నేనిక్కణ్నుంచి దిగలేను.

ఒకప్పుడు నేను చూసిన వ్యవస్థలో, ఒకే ఆఫీసుల సముదాయంలో 18,000 ఫోన్లుండేవి. ఒక్కొక్కటీ గంటకోసారి "నేనున్నాను" అని రిజిస్టర్ చేసుకునేది. గంటకి 18,000 అంటే సెకనుకి 5. సర్వర్ వాడకం 8 శాతం. ప్రతి సమావేశంలోనూ ఆ 8 శాతం గ్రాఫే చూపించి "ఇంకా డబ్బెందుకు?" అనేవారు.

ఆ రాత్రి అక్కడ కరెంటు పోయింది. యూపీఎస్ చేతులెత్తేసింది. సర్వర్లున్న గది వేరేచోట, వాటికేం కాలేదు. కరెంటు తిరిగొచ్చింది. అన్నీ ఒకే మోడల్ ఫోన్లు, అన్నీ ఒకేసారి లేచాయి. అర నిమిషంలో 18,000 రిజిస్ట్రేషన్లు. పాస్‌వర్డ్ సరిచూడ్డానికి సర్వర్ మొదటిదాన్ని తిప్పి పంపుతుంది కనుక ఒక్కోటి రెండు సార్లు. సెకనుకి 5 కాదు, 1,200. ప్రతిదానికీ డేటాబేస్‌ని అడగాలి. డేటాబేస్ నెమ్మదించింది. ఇవి సిప్ అనే ఇంటర్నెట్ ఫోన్ పద్ధతిలో నడిచే ఫోన్లు. జవాబు రాకపోతే సిప్ ఫోన్ ఊరుకోదు కదా, పంపింది అందిందో లేదో చెప్పని యూడీపీ మీద అయితే అర సెకనులో మళ్లీ అడుగుతుంది, తర్వాత ఒక సెకను ఆగి, రెండాగి, నాలుగాగి... 32 సెకన్లలో 11 సార్లు. ఆ తర్వాత మళ్లీ మొదట్నుంచి.

నేనక్కడికి పోయేసరికి టేబుళ్ల వరస పొడుగునా ఫోన్ల ఎర్రలైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. ఒక రిసీవర్ ఎత్తాను. నిశ్శబ్దం. సర్వర్ ప్రాసెసర్ 30 శాతం కూడా దాటలేదు! పనంతా డేటాబేస్ గుమ్మం దగ్గర క్యూ కట్టి నిలబడింది.

ఒక మాట ఒప్పుకోవాలి. అంతకుముందు నేను మూడో సర్వర్ కావాలని గొడవ పెట్టుకున్నాను, ఇవ్వలేదని అలిగాను కూడా. అది ఇచ్చి ఉన్నా ఆ రాత్రి గట్టెక్కేవాళ్లం కాదు. నేనూ పెట్టెలే లెక్కపెట్టాను.

అందుకే అడుగుతున్నాను, మీలో ఎంతమంది నిజంగా ప్లగ్ పీకి చూశారు? చేతులెత్తండి. ఇద్దరు. ముగ్గురు. రెండు సర్వర్లు చెరో 60 శాతం మీద నడుస్తుంటే మీ దగ్గర రెండు లేవండీ, ఒక్కటీ లేదు. ఒకటి పడిపోతే రెండోదాని మీద 120 పడుతుంది. సగటు చూసి కొనకండి, ఆ పాడు నిమిషాన్ని చూసి కొనండి.

మేం తర్వాత పాస్‌వర్డ్‌లు మెమరీలో పెట్టాం. ఫోన్లు లేచాక తలా కొంచెంసేపు ఆగి అడిగేలా చేశాం. సర్వర్‌కి ఊపిరాడనప్పుడు "ఇంతసేపాగి రా" అని చెప్పడం నేర్పాం. డేటాబేస్‌కి రెండో కాపీ పెట్టాం. అది మామూలు రోజుల్లో 3 శాతం వాడకంలో ఉంటుంది.

కొన్నాళ్లకి కొత్తగా వచ్చిన మేనేజరుగారు గ్రాఫ్ చూసి, "ఇది ఖాళీగానే ఉంది కదా, వేరే పనికి ఇచ్చేద్దామా?" అన్నారు. "ముందు ఫోన్లన్నిటికీ ఒకేసారి కరెంటు ఆపి చూద్దాం, మీరూ రండి" అన్నాను. ఆయన ఇంకా రాలేదు.