వింటినారి నుంచి మెదడు దాకా

శ్రోతలకు నమస్కారం.

రక్తపరీక్షకు వెళ్తే నర్సమ్మ మన చేయి తడిమి చూసి, "నరం దొరకడం లేదండీ" అంటుంది. ఆవిడ వెతుకుతున్నది నిజానికి సిర. పొద్దున్నే మెడ తిరగకపోతే "నరం పట్టేసింది" అంటాం. అక్కడ బిగుసుకున్నది చాలాసార్లు కండరమే. మటన్ ముక్కకు అంటుకుని, ఎంత ఉడికినా పంటికి లొంగని తెల్లటి పీచునూ నరమే అంటాం. అది కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు, అంటే స్నాయువు. ఇలా కలిపేసింది మనమొక్కళ్లమే అనుకోకండి. ప్రాచీన గ్రీకులదీ ఇదే తికమక. వాళ్ల మాట న్యూరాన్.

ఇవాళ న్యూరాన్ అంటే మెదడులో ఉండే కణం. ప్రాచీన గ్రీకు కవి హోమర్ నాటికి అది పశువు ఒంట్లోంచి తీసిన గట్టి నారపోగు. ఆయన యుద్ధకావ్యం ఇలియడ్‌లో మెనెలాస్ అనే రాజుకు బాణం తగులుతుంది. కారుతున్న నెత్తురు చూసి వణికిపోతాడు. తీరా చూస్తే ములికిని కర్రకు బిగించి కట్టిన న్యూరాన్ ఇంకా ఒంటి బయటే ఉంది. బాణం లోతుగా దిగలేదన్నమాట! అప్పుడు గానీ ప్రాణం కుదుటపడదు. వింటినారి పేరు న్యూరా, ఇదీ ఆ కుటుంబంలోదే. దారాలు లాగి ఆడించే బొమ్మనైతే న్యూరోస్పాస్టన్ అన్నారు.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ అనే వైద్యుడు మనుషుల శవాలను కోసి చూశాడు. బతికున్న ఖైదీలనూ కోశాడని తర్వాత రోమన్ రచయిత సెల్సస్ రాశాడు. వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి బయల్దేరే తెల్లటి తీగలే స్పర్శకూ కదలికకూ కారణమని హెరోఫిలస్ గుర్తించాడు. ఇంత గొప్ప సంగతి కనిపెట్టినా, దానికి కొత్త పేరు మాత్రం పెట్టలేదు. కంటికి అవీ తెల్లటి తాళ్లే కదా! ఎముకను ఎముకతో కలిపే కట్టు కూడా ఆయన లెక్కలో న్యూరానే.

క్రీ.శ. 2వ శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు జనం ముందే ఒక ప్రయోగం చేశాడు. అరుస్తున్న పంది గొంతు నరాలను దారంతో బిగిస్తే అరుపు ఠక్కున ఆగిపోయింది. దారం వదులు చేస్తే మళ్లీ మొదలైంది. పాపం పంది సంగతి అలా ఉంచితే, నరం పని ఏమిటో చూసినవాళ్లకు అక్కడికక్కడే తెలిసిపోయింది. చివరకు 1891లో జర్మనీకి చెందిన వాల్డేయర్ అనే శరీర శాస్త్రవేత్త నాడీకణానికి న్యూరాన్ అనే పేరు ఖాయం చేశాడు.

పాత అర్థం పూర్తిగా పోలేదు. వెడల్పాటి రేకులా ఉండే స్నాయువును డాక్టర్లు ఇప్పటికీ అపోన్యూరోసిస్ అంటారు. అందులో నరం ఊసే లేదు.

అన్నట్టు, సంస్కృతంలోని స్నాయువూ గ్రీకు న్యూరానూ ఒకే మూలం నుంచి వచ్చాయంటారు భాషావేత్తలు. ఆ స్నాయువు బెంగాలీకి వెళ్లి నరమైపోయింది. మన తెలుగు సైన్సు పుస్తకాల్లో మాత్రం స్నాయుబంధనం ఇప్పటికీ కండరాన్ని ఎముకకు కట్టే పనిలోనే ఉంది.