హీరో స్టైల్ అంగిల లేదు, తెర పట్టుట్ల ఉంది

ఖిలా వరంగల్‌ల తోరణాల కాడ సాయంత్రం పూట చూడుండ్రి. నల్లంగి, కూలింగ్ గ్లాసులు, ఫోన్ల స్లో మోషన్. పిలగాడు మంచిగుంటడు, అంగి మంచిగుంటది, వీడియో చూస్తే మాత్రం తేలిపోతది. ఆ మీద ఒకటే మాట: "మనకు హీరోల పర్సనాలిటీ లేదన్నా." ఈ మాట ఇన్నప్పుడల్లా పానం ఉసూరుమంటది. తక్కువైంది పర్సనాలిటీ కాదు తమ్మీ, తెర.

మన ఊర్లల్ల ఆడే వీధి నాటకం చిందు బాగోతం యాదికి తెచ్చుకోండ్రి. వేషం ఒక్కపారే వచ్చి నిలవడదు. ఇద్దరు అడ్డంగ తెర పడ్తరు. ముందుగాల గజ్జెల చప్పుడు ఇనవడ్తది. తెర కిందికెళ్లి పాదాలు, మీదికెళ్లి కిరీటం అంచు. జనం మెడలు సాపినంక అప్పుడు తెర దిగుతది, మొహం కనవడ్తది. సినిమాల హీరో ఎంట్రీ గిదే. నేల మీద పడ్డ బూటు, గడియారం పెట్టిన చెయ్యి, వీపు. మొహం ఆఖరికి. కెమెరా ఫ్రేము అంచే ఆ తెర గుడ్డ. మనోళ్లు మొదటి సెకన్లనే మొహం చూపిస్తరు. ఇంక చూసెటోనికి ఎదురుచూసుడు ఏం మిగిలింది?

రెండో తెర హీరో ఒంట్లనే ఉంటది. తిరిగి చూసే షాట్ తీస్కోండ్రి. ముందు కనుగుడ్లు తిరగాలె, తర్వాత మెడ, ఆఖరికి భుజం. మూడు ఒక్కపారే తిరిగితే కీలుబొమ్మ లెక్క ఉంటది. ఇంకోటి, మెడ జోరుగ తిప్పితే తెల్వకుంటనే రెప్ప పడ్తది. థియేటర్ల కన్ను తలుపంత కనవడ్తది గదా, ఆ ఒక్క రెప్పతోని చూపు తెగిపోతది. అందుకే తిరిగేముందే రెప్ప కొట్టాలె. నిమ్మళంగ తిరగాలె. ఆగినంక ఒక సెకను అట్లనే చూడాలె. డైలాగు అటెన్క.

[క్లోజప్: కండ్లు మాత్రమే]

కండ్లు ఎంత పని చేస్తయో 1953ల వచ్చిన దేవదాసు సినిమాల చూడుండ్రి. ఆ మత్తు చూపు కోసం దర్శకుడు వేదాంతం రాఘవయ్య చానా సీన్లు రాత్రిపూట తీసిండు. నిద్రలేక అక్కినేని నాగేశ్వరరావు గారి రెప్పలు సగం వాలినయి. ఆ రెప్పే తెర, సగం దించి ఆపిన తెర. పూర్తిగ దించితే నిద్ర, పూర్తిగ లేపితే మామూలు మనిషి.

మన కరీంనగర్‌ల పుట్టిన పైడి జైరాజ్ మూకీల కాలంలనే బొంబాయికి పోయి హీరో అయిండు. మాట లేదు, పాట లేదు. నిలవడుడు, చూసుడు, గంతే పెట్టుబడి. 1980కి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చిన్రు. ఆయన పేరు ఇక్కడి పోరగాండ్లకే తెల్వకపోవుడు నాకు మస్తు బాధనిపిస్తది.

1989ల నాగార్జున శివ సినిమా వచ్చినంక అందరు సైకిల్ చైను యాదిపెట్టుకున్నరు. చైను గుంజేదాక ఆ హీరో పాత్ర ఎంత నిమ్మళంగ ఉంటదో చూడుండ్రి. నిమ్మళమే అక్కడ పట్టిన తెర.

ఇగ స్లో మోషన్. సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. 48 తీసి 24ల చూపిస్తే వేగం సగమైతది, నడకకు అది సాలు. మనోళ్లు ఫోన్ల 240 పెట్టి 30ల చూపిస్తరు, ఎనిమిదో వంతు వేగం. అడుగు గాలిలనే ఆగుతది, ఒంటి బరువు నేల మీద దిగదు. 60 పెట్టి 30ల చూపియ్యుండ్రి. నడిచేటప్పుడు మెల్లగ నడవద్దు. మామూలు కంటె కొంచెం జోరుగ, మడమ గట్టిగ ఆనించి నడవాలె. మెల్లగ నడిచి మళ్ల స్లో చేస్తే కాలు నొప్పిలెక్క కొడ్తది. గంజి పెట్టిన అంగి కదలదు, స్లో మోషన్ల కదిలే గుడ్డ కావాలె. వదులు అంగి ఏసి గుండీలు ఇప్పుండ్రి.

టైం అయిపోతాంది, మిగిలినయి జల్ది చెప్త. నడకకు ఫోను మోకాలి ఎత్తుల, మొహానికి గదుమ ఎత్తుల. ఫోన్ల 0.5 అని ఉండే వెడల్పు లెన్సుతోని మొహం తియ్యద్దు, దగ్గరికి పోతే ముక్కు ఉబ్బుతది. ఎన్కకు జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టుండ్రి. ట్యూబులైటు కింద స్లో మోషన్ వద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు కొట్టుకుంటది, అది వీడియోల మినుకు మినుకుమంటది. పొద్దు వీపు మీద పడాలె, ముంగట తెల్ల థర్మాకోల్ షీటు పట్టాలె. అప్పుడే కండ్లల్ల సుక్కంత మెరుపు వస్తది. ఎడిటింగుల పాదం 1 సెకను, చెయ్యి 1, వీపు 1, మొహం 2.

ఖిలాల నాలుగు దిక్కులకు నాలుగు తోరణాలున్నయి. సాయంత్రమైతే పడమటి తోరణంల కెళ్లి లోపటికి రాండ్రి, పొద్దు ఎన్కకెళ్లి వస్తది. నట్టనడుమ నిలవడద్దు, స్తంభం చాటుకెళ్లి మొదలుపెట్టుండ్రి. ముందు బూటు బయటికి రావాలె.