కట్టు విప్పాక మిగిలే వైద్యం

పశువైద్య విద్యార్థులకు, ఆచార్యులకు నమస్కారం.

కుక్కకు విరిగిన కాలు అతుక్కున్నాక కొంచెం కుంటితనం మిగిలినా దాని బతుకు సాగిపోతుంది, ఎందుకంటే వేళకు తిండి పెట్టే మనిషి దానికి ఉన్నాడు. అడవి డేగకు ఆ మనిషి లేడు. ఎక్స్‌రేలో ఎముక ఎంత చక్కగా అతికినట్లు కనిపించినా, గాలిలో మలుపు తిరిగి ఎలుకను పట్టలేని పక్షిని వదిలిపెడితే దాన్ని ఆకలిచావుకు అప్పగించినట్లే. కాబట్టి డేగలు, గుడ్లగూబల వంటి వేటపక్షుల వైద్యంలో ప్రతి నిర్ణయాన్నీ పక్షి ఎగిరిపోవలసిన రోజు నుంచి వెనక్కి లెక్కించుకుంటూ తీసుకోవడం నేర్పాలని నా దృఢమైన అభిప్రాయం.

మొదట నేర్వవలసింది పట్టుకోవడం. కొత్తవాళ్లు ముక్కును చూసి భయపడతారు గాని అసలు ప్రమాదం పంజాలో ఉంది. ముందు కాళ్లు చేతికి చిక్కాలి, రెక్కలు ఒంటికి ఆనాలి, తల మీద గుడ్డ కప్పి వెలుతురు తగ్గించాలి. ఒకసారి ఒక విద్యార్థిని గుడ్లగూబ తప్పించుకుంటుందేమోనన్న కంగారులో దాని రొమ్మును గట్టిగా అదిమిపట్టింది. పక్షి నోరు తెరిచింది. కరవబోతోందనుకుని ఆమె ఇంకా బిగించింది. అది కరవడానికి కాదు, ఊపిరాడక తెరిచిన నోరు. పక్షులకు మనకున్నట్టు ఊపిరి పీల్చడానికి తోడ్పడే కండరపు పొర, అంటే విభాజక పటలం, ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే గాలి లోపలికి వెళుతుంది. చేతులు సడలించగానే నోరు మూసుకుంది. ఆ పాఠాన్ని ఆమె ఇక మరచిపోదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

పక్షి శరీరం మీకు తెలిసిన పశువుల శరీరం కాదు. సెలైన్‌ను ఎముకలోకి ఎక్కించవలసి వస్తే రెక్కలోని అల్నా ఎముకను గాని కాలిలోని టిబియోటార్సస్ ఎముకను గాని ఎంచుకుంటాం. భుజం దగ్గరి రెక్క ఎముక హ్యూమరస్ మాత్రం పక్షి శ్వాసకు వాడే గాలి సంచులతో కలిసి ఉన్న బోలు ఎముక కనుక అందులో పోసిన ద్రవం శ్వాసమార్గంలోకే చేరుతుంది. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలేంతగా ఎండిపోయిన పక్షికి, జాలిపడి వెంటనే కడుపునిండా మాంసం పెట్టకూడదు. ముందు వెచ్చదనం, ద్రవాలు, తరువాత తేలికగా అరిగే ఆహారం.

రెక్కకు కట్టు కట్టడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. భుజం నుంచి మణికట్టు వరకు రెక్క ముందంచున పెటేజియం అనే పలుచని చర్మపు పొర ఉంటుంది. రెక్కను మడిచి వారాల తరబడి కట్టి ఉంచితే ఆ పొర ముడుచుకుపోతుంది, ఎముక అతుకుతుంది గాని రెక్క మాత్రం పూర్తిగా విచ్చుకోదు. అందుకే మధ్యమధ్య మత్తు ఇచ్చి, కట్టు విప్పి, కీళ్లను మెల్లగా చాచి చూడాలి. ఇనుప తీగల పంజరం పనికిరాదు. తీగలకు తగిలి తోక ఈకలు విరిగితే అవి మళ్లీ రాలి మొలిచే దాకా పక్షి ఖైదీయే.

1970ల తొలినాళ్లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గాయపడిన వేటపక్షులకు చికిత్స మొదలుపెట్టినప్పుడు పాట్రిక్ రెడిగ్ ఇంకా పశువైద్య విద్యార్థే. గ్యారీ డ్యూక్‌తో కలిసి ఆయన 1974లో స్థాపించిన ర్యాప్టర్ సెంటర్ అనే వేటపక్షుల చికిత్సా కేంద్రం ఈ రంగంలో ఎందరినో తీర్చిదిద్దింది.

మీలో చాలామంది జీవితంలో ఒక్క డేగనైనా ముట్టుకోకపోవచ్చు, అయినా ఈ శిక్షణ మీకు అవసరమే. దక్షిణాసియాలో రాబందుల సంఖ్య కుప్పకూలడానికి కారణం పశువులకు నొప్పి తగ్గించడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ అని, కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను అది దెబ్బతీసిందని, పాకిస్తాన్‌లో పరిశోధించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో వెల్లడించింది. ఆవుకు రాసిన మందు చీటీ పక్షి దాకా చేరింది.

ఇక ఎగరలేదని, చూపు రాదని తేలిన పక్షికి నొప్పిలేని మరణాన్నివ్వడం కూడా ఈ శిక్షణలో భాగమే; దాన్ని గురువులు తలుపు వెనక ముగించకుండా, విద్యార్థులతో కూర్చుని కారణాలు మాట్లాడాలి.

బాగుపడిన పక్షిని కాళ్లకు పొడవైన తాడు కట్టి ఆరుబయట ఎగరనివ్వండి. రెండు రెక్కలూ సమానంగా ఆడుతున్నాయా అని చూడండి. దిగాక నోరు తెరిచి ఎంతసేపు రొప్పుతోందో గడియారం పట్టుకుని రాసుకోండి, రేపు మళ్లీ ఎగరేసి, ఆ సమయం తగ్గిందేమో చూడండి.