సాయంత్రానికి బిగిసే లంగా బొందు

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ ఇందాకే చెప్పారు, నేను మళ్ళీ చెప్పడం లేదు, మన్నించండి. నాకిచ్చిన అంశం ‘కాన్పు తర్వాత ఆరోగ్యం’. రక్తహీనత గురించి నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. కానీ ముందు వాపు సంగతి చెప్పాలి.

కవలలు పుట్టాక నా పొట్ట కండరాలు మధ్యలో విడిపోయి మళ్ళీ కలవలేదు. ఆరేళ్ళు వ్యాయామాలు చేసి, చివరికి టమ్మీ టక్ చేయించుకున్నాను, అంటే పొట్ట మీద వదులు చర్మం తీసేసి, విడిపోయిన కండరాలను దగ్గరికి కుట్టే ఆపరేషన్. “మూడు వారాల్లో మామూలైపోతారమ్మా” అన్నారు ఆసుపత్రిలో. ఆ ఒక్క మాట నన్నెంత ఏడిపించిందో!

ఆపరేషన్ అయిన ఏడో వారంలో తమ్ముడి పెళ్ళి. పొద్దున లంగా బొందు హాయిగానే కట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకి బిగిసింది. రాత్రి ముహూర్తానికి బొడ్డు కింద పొట్టంతా గట్టిపడింది. బొందు వదులు చేసి, కొంగు నిండుగా కప్పుకుని కూర్చున్నాను. మా పెద్దమ్మ పక్కకొచ్చి, “ఏమే, మళ్ళీ నీళ్ళోసుకున్నావా?” అంది. ప్రేమగానే అడిగింది పాపం. నేను గదిలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఆపరేషన్ పాడైపోయిందనే అనుకున్నాను. సొంత తమ్ముడి తలంబ్రాలు చూడలేదండీ!

అసలు జరిగేదేమిటంటే, బొడ్డు కింది చర్మంలోని లింఫు ద్రవం, అంటే ఒంట్లో కణాల మధ్య చేరే పల్చటి నీరు, సన్నని నాళాల గుండా గజ్జల్లోని గ్రంథులకు దిగుతుంది. ఈ ఆపరేషన్‌లో ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోస్తారు. ఆ దారులు తెగిపోతాయి. కొత్తవి ఏర్పడేదాకా ద్రవం కోతకు పైన నిలిచిపోతుంది. నిలబడి తిరిగిన రోజు సాయంత్రానికి పెరుగుతుంది, రాత్రి పడుకుంటే తగ్గుతుంది. చాలా భాగం 3 నెలల్లో పోతుంది. మిగిలింది 6 నెలలు, కొందరికి ఏడాది కూడా పట్టవచ్చు. ఇంతే. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు నాకెవరూ ఇవ్వలేదు.

పైగా ఆ రోజు ఆవకాయ, అప్పడాలు, వడియాలు కడుపునిండా తిన్నాను. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుందని తెలియదు. అందంగా కనపడాలని డాక్టరు వేసుకోమన్న బెల్టు కూడా తీసేశాను.

అయితే అమ్మా, అన్ని వాపులకూ ఓపిక పట్టకండి. పొట్ట మీద చెయ్యి వేస్తే లోపల నీళ్ళు కదిలినట్టుంటే సెరోమా, అంటే చర్మం కింద ఒకచోట నీరు చేరడం కావచ్చు, డాక్టరుకు చూపించాలి, అవసరమైతే సూదితో తీస్తారు. కోత దగ్గర ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్ళండి. ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా గంట కూడా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

ఇక్కడ నర్సమ్మలున్నారు. మీకు దణ్ణం పెడతాను, పేషెంటును ఇంటికి పంపేటప్పుడు ఆ వాపు నెలల తరబడి ఉంటుందని ఒక్క మాట చెప్పండి. పక్కనున్న భర్తకు, అత్తగారికి కూడా వినపడేలా చెప్పండి.

టైమైపోయిందంటున్నారు. రక్తహీనత కాగితాలు ఈ బల్ల మీద పెడుతున్నాను. ఆపరేషన్ చేయించుకుని సాయంత్రమయ్యేసరికి భయపడుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి.